ఓర్పా, మొండితనమా

ఆ ఎండాకాలం మా ఆయన పనిచేసే గాజు సీసాల ఫ్యాక్టరీలో సమ్మె మొదలైంది. అదే వారంలో నేను గ్రీకు పరీక్ష తప్పాను. ఇంట్లో ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియక మా అత్తయ్య ఇద్దరినీ కలిపి తిట్టింది.

"ఒకడు ఉన్న పని మానుకుని కూర్చున్నాడు. ఒకతి లేని పని నెత్తినేసుకుని కూర్చుంది. సరిపోయారు, ఈడూ జోడూ!"

అత్తయ్య తిట్లలో కోపం తక్కువ, విడ్డూరం ఎక్కువ. సమ్మె ఆవిడకి అర్థమవుతుంది. మామయ్య కూడా ఆ ఫ్యాక్టరీలోనే చేసి రిటైరై పోయినవాడు. ఆవిడకి అర్థం కానిదల్లా నా చదువు. కాలేజీలో నాలుగు పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని, ఈ వయసులో మళ్లీ యూనివర్సిటీలో చేరి, పాత గ్రీకువాళ్ల తత్వశాస్త్రం మీద పీహెచ్‌డీ మొదలుపెట్టడం ఆవిడ దృష్టిలో గాలి సోకడం లాంటిది. "బతికున్నవాళ్లతో మాట్లాడ్డానికే తీరిక లేదు. చచ్చినవాళ్ల భాష నీకెందుకే అమ్మాయ్?" అని చుట్టాల ముందు కూడా అడిగేది. చుట్టాలు నవ్వేవాళ్లు. వాళ్లతోపాటు నేనూ నవ్వేదాన్ని.

నా పరిశోధన ధైర్యం గురించి. ధైర్యమంటే ఏమిటని ఆ కాలం గ్రీకు ఆలోచనాపరులు తెగ వాదించుకున్నారు. ఆ వాదనల్లో అడుగడుగునా ఒక మాట కాలికి తగులుతుంది: కర్తెరియా. నిఘంటువు దాన్ని ఓర్పు అంటుంది, పట్టుదల అంటుంది, ఓ మూల మొండితనం అని కూడా అంటుంది. మరి ఓర్చుకునేవాడికీ మొండికేసేవాడికీ తేడా ఏమిటి? అది తేల్చాలని నా ఆశ. అయితే అంతకంటే ముందు, మూలాన్ని మూలభాషలోనే చదవగలనని పరీక్ష రాసి చూపించుకోవాలి. ఒకసారి తప్పాను. రెండో అవకాశం వేసవి చివర్లో. మూడోది లేదు.

మా గైడు గది లైబ్రరీ వెనక, మెట్ల కింద ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు తల వంచకపోతే బొప్పి కడుతుంది. ఆవిడ ఆ ఏడాదితో రిటైరవుతున్నారు. ఆవిడ వెళ్లిపోతే ఆ డిపార్టుమెంటులో గ్రీకు అక్షరాలు గుర్తుపట్టేవాళ్లు కూడా ఉండరు. నేను వెళ్లేసరికి నా జవాబు పత్రం ఆవిడ ముందే ఉంది. దాని నిండా ఎర్ర సిరా.

"ఎందుకు తప్పావో తెలుసా?" అన్నారు.

"క్రియల దగ్గర దెబ్బతిన్నానండీ."

"కాదు. నీకు గ్రీకు రాదు. గ్రీకు గురించి వచ్చు."

ఆవిడ పత్రాన్ని నా వైపు తిప్పారు.

"ఇంగ్లీషు అనువాదం బట్టీ పట్టి తెచ్చి గ్రీకు మీద కప్పావు. పొట్టి దుప్పటి. తల కప్పితే కాళ్లు బయటికొచ్చాయి. అసలు ఇంగ్లీషులో ఎందుకు రాశావు?"

"అలాగే రాయాలనుకున్నానండీ."

"అభ్యర్థికి బాగా వచ్చిన భాషలో రాయమని ఉంది నియమం. నీకు కోపం ఏ భాషలో వస్తుంది?"

"తెలుగులో."

"అయితే తెలుగులో రాయి. దిద్దేది నేనూ, భాషాశాస్త్రం పెద్దాయనా. ఇద్దరం తెలుగు చదవగలం." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, ఇది చెప్పు. వండింది, వండుకుంది. తేడా ఏమిటి?"

నాకు అనుమానం వేసింది, ఇందులో ఏదో మెలిక ఉందని. "వండింది అంటే ఎవరికోసమైనా వండొచ్చు. వండుకుంది అంటే తనకోసం."

"గ్రీకు క్రియకి ఉన్న మూడో రూపం అదే. పని చేసినవాడి దగ్గరికే తిరిగొచ్చే రూపం. ఇంగ్లీషు వ్యాకరణాలు దాన్ని వివరించడానికి పేజీలకి పేజీలు పోస్తాయి. నువ్వేమో పొద్దున లేచినప్పట్నుంచీ దాంట్లోనే బతుకుతున్నావు. తల దువ్వుకుంటావు, టీ పెట్టుకుంటావు, పరీక్ష తప్పి నెత్తి బాదుకుంటావు. అదే రూపం పుస్తకంలో కనపడగానే అప్పులవాణ్ణి చూసినట్టు మొహం చాటేస్తావేం?"

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకున్నాను.

"ఇవాళ్టి నుంచి రోజుకొక పేజీ. అనువాదం తెరవడానికి వీల్లేదు. అర్థం కాకపోతే అయ్యేదాకా కూర్చో."

"ఎంతసేపండీ?"

ఆవిడ నా వంక చూశారు. "ఓర్పు మీద పరిశోధన చేసేది నువ్వా, నేనా?"

ఇంటికొచ్చి, ఇన్నేళ్లుగా కూడబెట్టుకున్న ఇంగ్లీషు అనువాదాలన్నీ ఒక సంచిలో వేసి అత్తయ్య మంచం కిందకి తోసేశాను. "పాములేమైనా ఉన్నాయా ఇందులో?" అందావిడ. "ఉన్నాయి, తెరవకండి" అన్నాను.

ఇక్కడ మా ఆయన పని గురించి కొంచెం చెప్పాలి. గాజు ఫ్యాక్టరీలో ఫర్నేసు ఏడాది పొడుగునా మండుతూనే ఉంటుంది. లోపల కరిగిన గాజు చిన్న చెరువంత ఉంటుంది. మంట ఆపితే ఆ చెరువు రాయైపోతుంది, పైకప్పు ఇటుకలు పగిలి కూలిపోతాయి. ఇక దాన్ని పడగొట్టి కొత్తది కట్టుకోవాల్సిందే. అందుకని సమ్మెకి ముందే యూనియన్ కంపెనీతో ఒక ఒప్పందం చేసుకుంది: సీసాలు తియ్యరు, కానీ కొందరు వంతులవారీగా లోపలికెళ్లి మంట మాత్రం కాస్తారు. మా ఆయన ఫర్నేసు ఆపరేటరు కనక ఆ కొందరిలో ఒకడు. వంతు లేని వేళల్లో ఇంట్లోనే ఉండేవాడు.

ఉన్నవాడు ఊరికే ఉండలేదు. కూరలు తరగడం, బట్టలు ఆరెయ్యడం, అంట్లు తోమడం ఒకటొకటిగా తన మీదకి వేసుకున్నాడు. క్రియారూపాలన్నీ నేను పాత కేలండరు కాగితాల వెనక తెలుగు అక్షరాల్లో రాసిస్తే, అవి పట్టుకుని నా చేత అప్పజెప్పించుకునేవాడు.

"లూఓ" అనేవాడు.

"విడిపిస్తాను."

"లూఒమై."

"విడిపించుకుంటాను."

"లూఓ, లూఒమై... ఇదేదో జోలపాటలా ఉందే."

"నిద్రపుచ్చడానికైనా పనికొచ్చింది" అనేది అత్తయ్య వంటింట్లోంచి.

ఒక్కోసారి నేను తడబడితే, "తప్పు. మళ్లీ చెప్పు" అనేవాడు ఏ మొహమాటం లేకుండా.

"మీకు గ్రీకు రాదు కదా, తప్పని ఎలా చెప్తున్నారు?"

"కాగితంలో ఉన్నది నువ్వు అనలేదు. మీటరు ఒకటి చూపించి నువ్వొకటి చెప్తే తప్పు మీటరుది కాదు. మళ్లీ చెప్పు."

మొదట్లో ఒక పేజీకి పొద్దున్నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా పట్టేది. కొన్నాళ్లకి, ఎండ కిటికీ దాటి గోడ మీదకి పాకేలోపే అయిపోతూ వచ్చింది. అర్థం కాని వాక్యం ముందు కూర్చోవడం అలవాటైంది. కూర్చుని చూస్తూ ఉంటే, చీకటి గదిలో కళ్లు అలవాటుపడ్డట్టు, కర్త ఒక మూల, కర్మ ఒక మూల మెల్లిగా తేలేవి.

మా ఎదురిల్లు యూనియన్ ప్రెసిడెంటుది. మా ఆయనా ఆయనా ఒకే రోజు ఫ్యాక్టరీలో చేరారు. నేను ఆయన్ని అన్నయ్యా అని, ఆయన భార్యని వదినా అని పిలిచేదాన్ని. ఉప్పు నిండుకుంటే వాళ్ల వంటింట్లోకెళ్లి చెప్పకుండా తెచ్చుకునేంత చనువు. ఒకరోజు సాయంత్రం ప్రెసిడెంటు చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఎండకి మొహం కమిలిపోయి ఉంది.

"కంపెనీ వాళ్లు మాట్లాడరట" అన్నాడు. "చర్చల్లేవు, ఏం లేవు. మనం ఎండిపోయేదాకా చూస్తారు. ఇక ఒకటే దారి. లోపలున్న ఫర్నేసు వాళ్లని కూడా బయటికి పిలుస్తున్నాం. మంట ఆరిపోనీ."

మా ఆయన ఉల్లిపాయలు తరుగుతున్నవాడు కత్తి ఆపాడు. "ఆరితే?"

"ఆరితే వాళ్ల పీక మీద కత్తి పెట్టినట్టే."

"ఆ పీక మనది కూడా కదరా."

"ఆరేదాకా రాదు. ముందే దిగొస్తారు."

"రాకపోతే?"

"నీదెప్పుడూ ఇదే పాట! రాకపోతే, రాకపోతే! ఇన్నాళ్లు పస్తులున్నవాళ్ల మొహాలు చూశావా నువ్వు? ఇప్పుడు మెత్తబడితే వాళ్ల ఓర్పంతా బూడిదలో పోసిన పన్నీరే." ఆ ఊపులోనే నా వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, నువ్వు చదివేది ధైర్యం గురించే కదా. మీ గ్రీకువాళ్లని అడిగి చెప్పు. ఇప్పుడు ధైర్యమంటే ఏది? నిలబడ్డమా, తగ్గడమా?"

వెటకారానికి అడగలేదు. నిజంగానే అడిగాడు. నేను పెన్సిలు కింద పెట్టాను.

"వాళ్లని అడిగితే జవాబు చెప్పరన్నయ్యా. తిరిగి ఇంకో ప్రశ్న వేస్తారు."

"వెయ్యమను."

"గెలిచాక మీరంతా పనికి వెళ్లాల్సింది ఎక్కడికి?"

ఆయన టీ కప్పు సగంలోనే కింద పెట్టేశాడు. లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "ప్రశ్నలు వెయ్యడం తేలికే చెల్లెమ్మా. ఇన్ని ఇళ్ల పొయ్యిలు నీ భుజాన పెట్టుకుని వేసి చూడు. అప్పుడు తెలుస్తుంది."

ఆ మాటలోనూ అబద్ధం లేదు. ఆ రోజు నా పేజీ ముందుకు కదల్లేదు.

మర్నాడు పాత సినిమా హాలు వెనక ఖాళీ స్థలంలో మీటింగు. నేను వద్దన్నా అత్తయ్య వినలేదు. "నా మొగుడు కాసిన మంట అది. ఆర్పుతారో ఉంచుతారో నేను చూడాలి" అని నాకంటే ముందు బయల్దేరింది. ఆడవాళ్లం వెనక గోడ నీడలో నిలబడ్డాం.

ప్రెసిడెంటు బాగా మాట్లాడాడు. మాట ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇంకా సద్దుమణగకముందే మా ఆయన లేచాడు. పెళ్లిలో నాలుగు మాటలు చెప్పమంటేనే పందిరి వెనక్కి పారిపోయే మనిషి. షిఫ్టు మారేటప్పుడు తర్వాతవాడికి అప్పగింతలు చెప్పినట్టు, మెల్లిగా, హెచ్చూ తగ్గూ లేకుండా చెప్పాడు.

"సాయంత్రం గ్యాసు కట్టేస్తే తెల్లారేసరికి గాజు మీద తోలు కడుతుంది. తర్వాత లోపల బిగుసుకుంటుంది. ఆ పైన నేను కాదు కదా, దేవుడు దిగొచ్చినా కరగదు. కొత్త ఫర్నేసు కట్టాలంటే వాళ్లకి మనసుండాలి. ఈ సాకుతో తాళం వేసుకుని పోవచ్చు కూడా. నాకు తెలిసింది ఇదీ. చెప్పాను."

"కంపెనీ మనిషి!" అని అరిచాడెవడో.

"భయమైతే ఇంటికెళ్లి అంట్లు తోముకో! మీ ఆవిడ చదువుకుంటోందిగా!" అన్నాడు ఇంకొకడు. జనం గొల్లుమన్నారు.

మా ఆయన ఆ అరిచినవాడి వైపు తిరిగాడు. "తోముతున్నాను. రోజూ తోముతున్నాను. అందుకే చెప్తున్నాను. అడుగంటిన గిన్నెని తోముకోవచ్చు, ఫర్నేసుని తోమలేం."

అక్కడా ఇక్కడా నవ్వు పుట్టి, పుట్టినచోటే ఆగిపోయింది. ప్రెసిడెంటు చేతులెత్తమన్నాడు. మంట ఆర్పాలన్నవాళ్ల చేతులు పైకి లేచేసరికి నాకు ముందు వరసలు కనపడకుండా పోయాయి. వద్దన్నవాళ్లు అతి కొద్దిమంది. మా ఆయన అటూ ఇటూ చూసి తలూపాడు.

"మీ నిర్ణయం మీది. సమ్మెలో నేనూ ఉన్నాను. ఒక్క సీసా తియ్యను, ఒక్క పూట జీతం ముట్టను. మంట మాత్రం నా చేత్తో ఆర్పను, వదిలేసి బయటికి రాను. ఆర్పాలనుకున్నవాళ్లు లోపలికొచ్చి గ్యాసు వాల్వు మీ చేత్తో కట్టెయ్యండి. నేను అడ్డం రాను."

అని, జనంలోంచి నడుచుకుంటూ ఫ్యాక్టరీ వైపు వెళ్లిపోయాడు. జనం దారి ఇచ్చారు. మర్యాద కొద్దీ ఇచ్చింది కాదది, ఒంటికి తగలకూడదని పక్కకి జరగడం. ఫర్నేసు వాళ్లు ముగ్గురు ఆయన వెనక నడిచారు. ఒకడు మధ్యలో ఆగి, వెనక్కి చూసి, తిరిగొచ్చేశాడు.

నా పరిశోధనకి కావలసిన జవాబు ఆ క్షణంలో మెరిసిందని రాస్తే కథ బాగుంటుంది. అలాంటిదేమీ మెరవలేదు. నాకు తట్టింది ఒకటే: మనిషి భోజనం డబ్బా ఇంట్లోనే వదిలేసి వెళ్లిపోయాడు.

వాల్వు కట్టడానికి ఎవరూ లోపలికి వెళ్లలేదు. దానికి బదులు మా వీధి మాతో మాట్లాడ్డం మానేసింది. వదిన మమ్మల్ని చూడగానే కిటికీ మూసేసేది. కొళాయి దగ్గర నేను నిలబడితే నా ముందూ వెనకా ఖాళీ. ఒకరోజు పొద్దున్నే తలుపు తీసేసరికి మా గోడ మీద బొగ్గుతో, ద్రోహి అనబోయి, 'దోహి' అని రాసి ఉంది. అక్షరాలు తలుపంత ఎత్తు.

నేను బకెట్టు తెచ్చేసరికి అత్తయ్య నా చేతిలోంచి లాక్కుంది.

"నువ్వు లోపలికెళ్లు. ఇవాళ్టి పేజీ అయిందా?"

"అత్తయ్యా, ఇప్పుడు పేజీ ఏమిటి?"

"ఇప్పుడే మరి. వాడు వాడి పనిలో ఉన్నాడు. నువ్వు నీ పనిలో ఉండు. ఈ గోడ నా పని."

వీధి అంతా తలుపుల దగ్గర నిలబడి చూస్తుండగా, ఆ పెద్దావిడ ఎండలో, వీధికి వీపు పెట్టి, ఒక్కో అక్షరం తీరిగ్గా తోమింది. మధ్యలో ఒకసారి ఎవరితోనో కాకుండా గాలితో అన్నట్టు గట్టిగా అంది: "రాసినవాడెవడో గానీ వత్తులు కూడా రావు. మా కోడలు చచ్చినవాళ్ల భాషలు చదువుతోంది. బతికున్న భాష రాయడం నేర్పిస్తుంది, రమ్మనండి!"

లోపల బల్ల ముందు కూర్చుని నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మా అత్తయ్య నా చదువుని వెనకేసుకురావడం వినడం అదే మొదలు.

రోజూ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి భోజనం నేనే తీసుకెళ్లేదాన్ని. లోపల ముగ్గురే మిగలడంతో మా ఆయన ఇంటికి రాలేక, ఊచల అవతల నిలబడి తినేవాడు. కనుబొమల మీది వెంట్రుకలు వేడికి ముడుచుకుపోయాయి. నిద్ర చాలక కళ్లు ఎర్రబడ్డాయి. మేనేజరు వచ్చి శభాష్ అన్నాడట. పేపర్లో ఫోటో వేయిస్తానన్నాడట.

"మీరేమన్నారు?"

"మీకోసం కాదు, బయటికెళ్లండి, ఇక్కడ వేడి మీరు తట్టుకోలేరు అన్నాను." ముద్ద మింగి నీళ్లు తాగాడు. "నాకూ ఒకోసారి అనుమానంగానే ఉందోయ్. నాది ఓర్పా, ఉత్త మొండితనమా? ఇంతమంది ఒక మాటంటే నేనొక్కణ్ణి కాదనడమేమిటి? మీవాళ్లేమంటారు దీనికి?"

"ఏం చేస్తున్నాడో తెలిసి ఓర్చుకునేవాడిదే ధైర్యమంటారు కొందరు. అన్నీ తెలిసినవాడికి ధైర్యంతో పనేముంది, తెలియకుండా నిలబడ్డవాడిదే గొప్ప అంటారు ఇంకొందరు."

"తేల్చారా?"

"లేదు."

ఆయన నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వు. "నయం. మావాళ్లు అప్పుడే తేల్చేశారు."

అప్పుడు అనేశాను, రెండు రోజులుగా గొంతులో పెట్టుకుని తిరుగుతున్న మాట. "పరీక్ష మానేద్దామనుకుంటున్నాను. మీరిలా ఉంటే, ఇల్లు అలా ఉంటే, నాకు గ్రీకు ఏమిటి? చూసినవాళ్లు నవ్వుతారు."

ఆయన డబ్బా మూత పెట్టి ఊచల్లోంచి ఇచ్చాడు. "నవ్వేవాళ్లు ఎలాగూ నవ్వుతున్నారు కదా. ఎఖో అంటే?"

"ఏమిటి?"

"ఎఖో. నిన్న డబ్బాతో ఇచ్చిన కాగితంలోది. అంటే ఏమిటి?"

"పట్టి ఉంచడం."

"రెండోది?"

"ఎఖొమై. పట్టుకుని... వదలకుండా ఉండడం."

"కరెక్టు. వెళ్లి చదువుకో. వంతు మారే టైమైంది." అని వెనక్కి తిరిగి, వేడికి గాలి అలలు అలలుగా కదిలే ఆ షెడ్డులోకి వెళ్లిపోయాడు.

పరీక్ష హాల్లో నేను ఒక్కదాన్నే. తలుపు దగ్గర కాపలాకి ఒక గుమాస్తా. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గ్రీకా? ఇంకా ఉందా అది?" అన్నాడు. "ఇవాళ్టికి ఉందండీ" అన్నాను.

ప్రశ్నపత్రంలో వచ్చింది నేను ఎన్నడూ చూడని భాగం. తుఫానులో చిక్కుకున్న ఓడ, దాని చుక్కాని దగ్గర నిలబడ్డ మనిషి. మొదటి చదువులో సగం మాటలు చేతికి చిక్కలేదు. పెన్ను కింద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. గుమాస్తా అనుమానంగా చూశాడు. అలాగే కూర్చున్నాను. మెల్లగా ఓడ తేలింది, తర్వాత అలలు, తర్వాత ఆ మనిషి. అతను చుక్కాని పట్టలేదు, పట్టుకున్నాడు. తోటివాళ్లు వదిలెయ్యమని అరుస్తున్నారు. వాళ్లకీ బతకాలనే ఉంది. ఆ తర్వాతి వాక్యంలో, నాకు బాగా తెలిసిన ఆ మాట: కర్తెరియా.

ఓర్పు అని రాశాను. కొట్టేశాను. ఓర్పు అంటే వచ్చినదాన్ని భరిస్తూ పడి ఉండడం. పట్టుదల అని రాశాను. అందులో గెలవాలన్న పంతం ఉంది. మొండితనం అసలే కాదు, మొండివాడికి ఎదుటివాడి మాట వినపడదు. ఇతనికి అన్నీ వినపడుతున్నాయి. మీటింగులో, ఆ చేతులన్నీ లేచాక, అటూ ఇటూ చూసి తలూపిన మనిషి గుర్తొచ్చాడు.

నిబ్బరం అని రాశాను. రాసి, తర్వాతి వాక్యానికి వెళ్లిపోయాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే కంపెనీ చర్చలకి పిలిచింది. అడిగినవాటిలో కొన్ని ఇచ్చారు, కొన్ని ఇవ్వలేదు. కుర్రవాళ్లు గెలిచామన్నారు, పెద్దవాళ్లు ఏమీ అనలేదు. సంతకాలైన వారంలోపే మళ్లీ సీసాలు వరస కట్టి రావడం మొదలైంది. ఫర్నేసు వేడిగా ఉండబట్టే అది వీలైందని అందరికీ తెలుసు. పైకి అన్నవాళ్లు మాత్రం లేరు. ప్రెసిడెంటు మా ఇంటి ముందునుంచే వెళ్లేవాడు, తల తిప్పకుండా. ఆయన్ని తప్పుపట్టడానికీ నాకు మనసొప్పదు. ఆయన నమ్మి నడిపించిన మనుషులు ఆయన్నే అడిగి ఉంటారు: అన్ని చేతులు లేపించావు కదా, మరి వాల్వు కట్టడానికి నువ్వెందుకు వెళ్లలేదని.

నా ఫలితం తెలిసిన రోజు మా గైడు గదిలో పుస్తకాలు పెట్టెల్లో సర్దుతున్నారు.

"పాసయ్యావు" అన్నారు తలెత్తకుండా. "నిబ్బరం అన్నచోట పెద్దాయనా నేనూ చాలాసేపు పోట్లాడుకున్నాం. ఆయన ఒప్పుకోలేదు."

"మరి మీరు?"

"నేనూ పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ పోట్లాడుకోవడానికి తగిన మాట. మొదటిసారి నీ పత్రంలో పోట్లాడ్డానికి కూడా ఏమీ లేదు." ఒక పెట్టె నా వైపు తోశారు. "రిటైరయ్యాక కూడా నిన్ను నేనే చూస్తానని కాగితం పెట్టించాను. మరీ సంబరపడకు. ఇప్పుడే మొదలు."

ఆ పెట్టె మోసుకుని ఇంటికొచ్చేసరికి అత్తయ్య మంచం హాల్లో ఉంది. ఆవిడ గదిలో నా బల్ల, నా కుర్చీ, కిటికీ పక్కన నా పుస్తకాలు.

"ఇదేమిటత్తయ్యా?"

"నాకు హాల్లో గాలి బాగా తగులుతుంది" అంది. "నీకేమో వంటింటి బల్ల మీద చదివితే కూర వాసన. పెద్ద చదువుకి తలుపున్న గది ఉండాలి కదా. గొళ్లెం కూడా బాగుచేయించాను."

నేను ఏదో అనబోతే, "ఏడవకు, బోలెడు పనుంది" అని వెళ్లిపోయింది.

మొదటి వానలు పడ్డ వారంలో మా ఆయన మామూలు షిఫ్టుకి వెళ్లడం మొదలుపెట్టాడు. తనతో పాటు లోపల మంట కాసిన ఇద్దరిలో ఒకతను వేరే ఊళ్లో పని చూసుకుని వెళ్లిపోయాడు. ఈయన్ని కూడా రమ్మన్నాడు. ఈయన వెళ్లలేదు. మొదటి రోజు సాయంత్రం తడిసిన చొక్కాతో ఇంటికొచ్చి, తల తుడుచుకుంటూ నా కొత్త గది గుమ్మంలో నిలబడ్డాడు. అత్తయ్య టీ తెచ్చిచ్చింది.

"ఎవరైనా మాట్లాడార్రా?"

"లేదమ్మా. భోజనాల దగ్గర నేను కూర్చుంటే బల్ల ఖాళీ అయిపోయింది."

"మరి రేపు?"

"రేపు కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుంటాను."

అత్తయ్య ఖాళీ కప్పు తీసుకుని వెళ్లింది. ఆయన నా బల్ల మీదకి వంగి చూశాడు. "థీసిస్ మొదలుపెట్టావా?"

"మొదటి వాక్యం రాశాను."

"ఏదీ, చదువు."

"కొట్టేశాను. బాగా రాలేదు."

"మరి రేపు?"

"రేపు ఇంకోటి రాస్తాను."

"సరే" అని, తువ్వాలు తలుపు మీద ఆరేసి, అంట్లు తోమడానికి వంటింట్లోకి వెళ్లాడు. నేను ఇంకో కాగితం తీసుకున్నాను. రేపటి దాకా ఆగడం దేనికి?